మేకుకు తగిలించిన గౌను

మా పట్టుపురుగుల పాకలో తలుపు తీయగానే కుడిచేతి వైపు గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒక చొక్కా వేలాడుతూ ఉంటుంది. ఒకప్పుడు అది ఆకుపచ్చది. ఆ చొక్కా పాక దాటి బయటికి రాదు, బయటి చొక్కా పాకలోకి పోదు. గడప దగ్గర పోసిన సున్నంలో కాళ్ళు తొక్కి, బ్లీచింగ్ నీళ్ళలో చేతులు కడుక్కుని, ఆ చొక్కా తొడుక్కుని అప్పుడు పురుగుల దగ్గరికి పోవాలి. పురుగులకు రోగం అంటకుండా మా నాన్న నేర్పిన పద్ధతి అది. ఇరవై ఏళ్ళు చేశాక ఏ పనైనా చేతికి అలవాటైపోతుంది, ఇక తలతో పని ఉండదు. అట్లా తలతో పని లేకుండా నా చేయి చేసిన పని ఒకటి ఉంది. దాని సంగతి రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ వానాకాలం నా భార్యకు కడుపులో గడ్డ ఉందని ఆపరేషను చేశారు. ఆపరేషను బాగానే జరిగింది, కుట్లే మానలేదు. ఆరో రోజుకు చీము పట్టింది, జ్వరం వచ్చింది. పుండులోంచి దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపితే, మామూలు మందులకు లొంగని క్రిమి అన్నారు. వార్డు మధ్యలో ఉన్న మంచం మీదినుంచి లేపి, వరండా చివర ఒకే మంచం ఉన్న గదిలోకి మార్చారు. తలుపుకు పసుపుపచ్చ అట్ట ఒకటి తగిలించారు. తలుపు బయట ఒక బల్ల, దాని మీద మడతపెట్టిన గౌనులు, చేతి తొడుగులు, మూతికి కట్టుకునే మాస్కులు. లోపల తలుపు పక్కనే కాలితో తొక్కితే మూత లేచే డబ్బా, ఒక కుళాయి.

ఆ గది చూసుకునే నర్సును వార్డంతా సబ్బు సిస్టర్ అనేది. పాతికేళ్ళు కూడా ఉండవు. సన్నటి మనిషి, గబగబా నడిచేది. ఆమె ఎక్కడున్నదీ కుళాయి చప్పుడును బట్టి చెప్పవచ్చు. అందరూ తనను అట్లా పిలుస్తారని ఆమెకు తెలుసు. తెలిసి కూడా పలికేది.

"బాబాయ్, లోపలికి వెళ్ళేటప్పుడు కంటే బయటికి వచ్చేటప్పుడే జాగ్రత్త," అని మొదటిరోజే నాకు చెప్పింది. "ముందు చేతి తొడుగులు తీయాలి. తర్వాత గౌను. బయటివైపు ముట్టుకోకుండా లోపలిది బయటికి వచ్చేట్టు చుట్టి డబ్బాలో వేయాలి. చేతులు కడగాలి. మాస్కు ఆఖరున, తాళ్ళు పట్టుకుని. మళ్ళీ చేతులు కడగాలి. ఏదీ, ఒకసారి చేసి చూపించండి."

చేసి చూపించాను. ఆమె రెప్ప వేయకుండా చూసింది.

"ఇంత త్వరగా ఎవరూ పట్టుకోలేదు. ఏం పని చేస్తారు మీరు?"

"పట్టుపురుగులు."

ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు ఆగింది. నేను చెప్పలేదు. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నేను మాటల మనిషిని కాను. మాది పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయిన కాపురం. అన్నేళ్ళలో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పూట సంతకు సరిపోవని మా ఆవిడ అందరితో అనేది. పురుగుల దగ్గర మాటలతో పని లేదు. అవి ఆకు తినే చప్పుడు ఒకటి ఉంటుంది, కప్పు మీద సన్నవాన పడ్డట్టు. అది వింటూ ఉంటే మనిషికి మాట అవసరం అనిపించదు.

రెండోరోజు మా వదిన వచ్చింది. మా ఆవిడకు అక్క. గౌను, తొడుగులు చూడగానే ముఖం ముడుచుకుంది.

"మా చెల్లెలికి ఏం పుట్టి మునిగిందని ఈ వేషాలు? తోడబుట్టినదాని తల నిమరడానికి కూడా తొడుగులా?"

"నిమరండి పెద్దమ్మా," అంది సబ్బు సిస్టర్. "తొడుగు వేసుకునే నిమరండి. ఆ చేత్తోనే రేపు మీ ఇంట్లో మనవరాలిని ఎత్తుకుంటారు కదా."

"నాకు నువ్వు చెప్పాలా శుభ్రం గురించి?"

వదిన గుమ్మంలోనే నిలబడి, చెల్లెలివైపు ఒకసారి చూసి, అలిగి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నాతో, "నువ్వైనా నోరు తెరవ్వేం మరిదీ," అంది.

ఆ సాయంత్రంనుంచి మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. గంజి పెడితే వద్దంది. పక్కన కుర్చీలో కూర్చున్నాను. అటువైపే తిరిగి ఉండి అంది.

"ఏమయ్యా, వచ్చింది నువ్వేనా?"

"నేనే."

"ఎట్లా తెలుస్తుంది? అందరూ ఒకటే గుడ్డలు. ముఖం కనపడదు, చెయ్యి తగలదు. ఇక మాట కూడా లేకపోతే వచ్చింది మొగుడో, బల్ల తుడిచేవాడో నేనెట్లా అనుకోవాలి?"

దానికి నాకు తెలిసిందే చెప్పాను.

"పురుగులు రెండో జ్వరానికి కూర్చున్నాయి."

పురుగు ఒంటిమీది పొర విడిచేముందు ఒక రోజు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మేం జ్వరం అంటాం. అట్లాంటివి నాలుగు దాటితే గూడు కడుతుంది. ఇంటి దగ్గర ఆ పంట అంతా పదహారేళ్ళ మా అమ్మాయి చేతుల మీద నడుస్తోంది. మా అమ్మ ఆకు కోసి ఇస్తే, పిల్ల లోపల మేత వేసేది. నేను రోజు విడిచి రోజు ఇంటికి పోయినా పాకలో కాలు పెట్టేవాడిని కాదు. ఆసుపత్రి గాలి పీల్చి వచ్చినవాడిని. కిటికీకి పది అడుగుల దూరంలో నిలబడితే, పిల్ల ఒక తట్ట ఎత్తి చూపించేది. అక్కడినుంచే రోగం తగిలి ఏ పురుగు మెరుస్తోందో, ఏది ఉబ్బిందో చూసి చెప్పేవాడిని. ఉబ్బినదాన్ని చిమటాతో తీసి సున్నం నీళ్ళలో వేసేది.

ఇదంతా ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. చెబుతూ ఉంటే ఇంకా చెప్పాల్సింది కనిపిస్తూ వచ్చింది. ఎక్కడ ఆకు ముదిరింది, అమ్మ ఎవరిమీద విసుక్కుంది, పిల్ల తట్టలు మార్చేటప్పుడు ఏ పాట కూనిరాగం తీస్తోంది. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"రెండో జ్వరమా వాటికి?"

"ఆ."

"నాకు ఎన్నోది?"

"నీది లెక్కపెట్టలేదు."

కుట్లమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఆ పూట గంజి సగం తాగింది. ఆ తర్వాత రోజూ అంతే. నేను పోయి కూర్చుని మాట్లాడితే తినేది. నేను టీకి పోయి ఆలస్యం చేస్తే గిన్నె అట్లాగే ఉండేది.

ఇక ఆ గౌను సంగతి.

తలుపు బయట బల్ల పైన గోడకు, పాత క్యాలెండరు తగిలించిన మేకు ఒకటి ఉండేది. రోజుకు ఆరేడుసార్లు లోపలికీ బయటికీ తిరిగేవాడిని. ప్రతిసారీ ఉతికిన గౌను ఒకటి తీయడం, అయిదు నిమిషాలు కూర్చుని డబ్బాలో పారేయడం నాకు మనసొప్పలేదు. టీ తాగి వెంటనే వచ్చేవాడినే కదా. చేతి తొడుగులు డబ్బాలోనే వేశాను, చేతులు కడిగాను. గౌను మాత్రం బయటికి వచ్చి విప్పి, ఆ మేకుకు తగిలించాను. తిరిగి వచ్చి అదే తొడుక్కున్నాను. పాకలో చొక్కా తగిలించినట్టే. పాకలో ఆ మేకు లోపల ఉంటుందనీ, ఇది బయట ఉందనీ నా చేతికి తట్టలేదు. ఒక్కసారి కాదు, నాలుగు రోజులు అట్లా చేశాను.

ఎదురుగా మగవాళ్ళ వార్డులో గుమ్మానికి దగ్గరి మంచం ఒక బస్సు డ్రైవరుది. కాలు విరిగి లోపల కడ్డీ వేశారు. మనిషి హుషారు. చక్రాల కుర్చీ తోసుకుంటూ వరండా చివరికి వచ్చి వాన చూస్తూ కూర్చునేవాడు. నాతో వరుస కలిపి బావా అనేవాడు.

"బావా, నిన్న నువ్వు మాట్లాడింది మూడు మాటలు. ఇవాళ ఇంకా బోణీ కాలేదు."

సబ్బు సిస్టర్‌ను కూడా వదిలేవాడు కాదు. "ఆ అమ్మాయికి పెళ్ళి చూపులకు ఎవడైనా వస్తే, ముందు మోచేతులదాకా కడుక్కు రమ్మంటుంది."

"మీ కట్టు మార్చడానికి కూడా కడుక్కునే వస్తున్నాను. నోరు కడగమని మాత్రం డాక్టరుగారు రాయలేదు," అనేది ఆమె.

ఒక మధ్యాహ్నం వాన ఏటవాలుగా కొడుతోంది. నేను టీ తాగి వచ్చేసరికి డ్రైవరు ఆ మేకు కింద కూర్చుని ఉన్నాడు. నా గౌను కాలిమీద కప్పుకుని ఉన్నాడు.

"జల్లు కొడుతోంది బావా, నీ గుడారం కప్పుకున్నాను. కోపమా?"

"ఎందుకు?" అని తీసుకుని తొడుక్కున్నాను. అంతే జరిగింది. ఆ నిమిషంలో నాకు ఏమీ అనిపించలేదు.

వారం తిరిగేసరికి డ్రైవరు కాలు ఎర్రబడింది. రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్న మనిషి. దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపారు. మా ఆవిడ పుండులో ఉన్న క్రిమే. అతన్ని కూడా మా పక్క గదిలోకి మార్చారు. ఆ తలుపుకు కూడా పసుపు అట్ట పడింది. మార్చేటప్పుడు అతను నావైపు చూసి, "ఇక గోడకు ఇటు నేను, అటు మా చెల్లెమ్మ," అన్నాడు. నవ్వలేదు.

మర్నాడు పెద్ద సిస్టర్ వచ్చింది. ఆసుపత్రిలో అంటురోగాలు పాకకుండా చూడటం ఆమె పని. తల నెరిసిన మనిషి, చేతిలో నోటుబుక్కు. మంచం కమ్ములు, కుళాయి పిడులు, టీ బండి పిడి, నర్సుల చేతులు, ఒకటి వదలకుండా దూదిపుల్లలతో తుడిచి గొట్టాల్లో పెట్టింది. అందరినీ అడిగింది. మా ఆవిడకూ, డ్రైవరుకూ ఇద్దరికీ కట్టు మార్చింది సబ్బు సిస్టర్ ఒక్కతే. విచారణ తేలేదాకా ఆమె రోగులను ముట్టుకోకూడదనీ, స్టోరులో దుప్పట్లు మడతపెట్టాలనీ అన్నారు. ఆమె ఆ ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇంకా ఖాయం చేయలేదు. తప్పు తనదని తేలితే పంపేస్తారని ఆయాలు చెప్పుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె వరండాలో కుళాయి దగ్గర ఉంది. రోగులను ముట్టుకోవద్దన్న మనిషి చేతులు కడుగుతోంది. అరచేయి, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు. అయ్యాక మళ్ళీ మొదటినుంచి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి రక్తం చెమర్చింది.

నన్ను చూసి కుళాయి కట్టింది.

"బాబాయ్, మీరు మాట్లాడరుగానీ అన్నీ గమనిస్తారు. నిజం చెప్పండి. నేను ఎప్పుడైనా చేతులు కడగకుండా ఈ గదిలోంచి ఆ గదికి వెళ్ళానా?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరి ఎట్లా జరిగింది? రాత్రంతా ఆలోచించాను. ఎక్కడో నాకు తెలియకుండానే చేసి ఉంటాను."

అప్పటికి నాకు తెలుసు. డ్రైవరు గదికి అట్ట పడిన నిమిషంలోనే తెలిసింది, అతని కాలిమీద ఆ గౌను కళ్ళముందు కనిపించింది. అయినా ఆమె ముందు అంతకంటే ఒక్క మాట రాలేదు. చెబితే నన్ను ఆ గదిలోకి రానివ్వరు. నేను పోకపోతే మా ఆవిడ ముద్ద ముట్టదు. అప్పటికే సగం అయింది మనిషి. ఇదొక్కటే పట్టుకుని రెండు రోజులు గడిపాను. మాట్లాడని మనిషికి ఒక సుఖం ఉంది. అతను దాచుతున్నాడని ఎవరికీ అనుమానం రాదు.

మూడోరోజు మా ఆవిడే అడిగింది.

"ఆ పిల్ల రావడం లేదేం? కొత్తామె కట్టు లాగినట్టు తీస్తోంది."

చెప్పాను. మేకు, గౌను, వాన, డ్రైవరు కాలు, కుళాయి దగ్గర పగిలిన చేతులు. నా జీవితంలో అంత పొడుగు మాట అదే. చెప్పేశాక, నన్ను ఇక రానివ్వకపోతే నీకెట్లా అన్నాను.

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"నాకు చెప్పావు, సరే," అంది. "నాకు చెబితే ఆ పిల్ల చేతులు మానతాయా?"

నేను లేచాను. తొడుగులు తీసి, గౌను చుట్టి డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, మాస్కు తీసి, మళ్ళీ కడుక్కుని బయటికి వచ్చాను. పెద్ద సిస్టర్ గది మెట్ల కింద ఉంది. తలుపు తీసే ఉంది.

ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, ఏ రోజుల్లో, ఎన్నిసార్లు, గౌను ఏ వైపు పైకి ఉండేట్టు తగిలించారు, అని అడిగి రాసుకుంది. పాకలో ఎట్లా చేస్తారో కూడా అడిగింది. తర్వాత నాతో పైకి వచ్చి ఆ మేకు ముందు నిలబడింది.

"మేకు కనిపిస్తే మనిషి ఏదో ఒకటి తగిలిస్తాడు," అంది. "రోజూ ఈ దారినే పోతాను. నేనూ చూడలేదు."

"నావల్లే వచ్చిందా అమ్మా అతనికి?"

"దీనివల్లేనని రాయలేను. కాదని కూడా రాయలేను. ఆ అమ్మాయి చేతులవల్ల అని మాత్రం ఇక రాయను." నోటుబుక్కు మూసింది. "మీరు వారం రోజులు లోపలికి వెళ్ళకూడదు. ఆ తర్వాత ఆ అమ్మాయి దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకుని వెళ్ళండి."

మేకు పీకడానికి బంట్రోతు పట్టకారు తెచ్చాడు. నేనే పీకుతానన్నాను. చిన్న మేకే. గోడ పట్టుకుని బాగా పెనుగులాడింది.

డ్రైవరుకు కూడా నేనే చెప్పాను, అతని గది కిటికీ బయట నిలబడి. విన్నాడు. కాలువైపు చూసుకున్నాడు.

"పో బావా," అన్నాడు. "ఇవాళ నీ ముఖం చూడబుద్ధి కావడం లేదు."

అక్కడినుంచి నేరుగా బస్సెక్కి వదిన ఊరికి పోయాను. గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పి, వారం రోజులు చెల్లెలి దగ్గర కూర్చోమని బతిమాలాను. వదిన చేతిలో చేట అట్లాగే పట్టుకుని విన్నది.

"నువ్వు ఇన్ని మాటలు మాట్లాడావంటే కొంప మునిగే పనే అయి ఉంటుంది. పద," అంది. గౌను దగ్గర సణిగింది, కానీ తొడుక్కుంది. చెల్లెలి తల తొడుగుచేత్తోనే నిమిరింది.

ఆ వారం నేను తలుపుకున్న అద్దం పలక బయట నిలబడ్డాను. లోపలికి మాట వినపడదు. పిల్ల పాత నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకుని వచ్చి, బొగ్గుతో పెద్ద అక్షరాలు రాసి అద్దానికి ఆనించేవాడిని. 'మూడో జ్వరం దాటాయి.' 'పిల్లకు నిద్ర లేదు.' 'అమ్మ నీ చీర ఉతికింది.' మా ఆవిడకు చదువు అంతంతమాత్రం. పెదవులు కదుపుతూ కూడబలుక్కుని చదివేది. చదివాక గిన్నె చేతిలోకి తీసుకునేది. 'నాలుగో జ్వరానికి కూర్చున్నాయి' అన్న కాగితం చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, తనవైపు చూపించుకుని, అయిదు అన్నట్టు చెయ్యి చాపింది. ఆ కాగితాలు అద్దానికి బయటే ఉన్నాయి కాబట్టి నా దగ్గరే మిగిలాయి. ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి.

మూడోరోజు పక్క గది కిటికీలోంచి కేక.

"బావా. ఆ రాతలేవో ఇటు కూడా చూపించు. పొద్దు పోవడం లేదు."

పోయి చూపించాను. చదివాడు.

"నీ నోరు తెరిపించడానికి నా కాలు పోయింది," అన్నాడు. "సర్లే. ఆ నాలుగో జ్వరం ఏమైందో రేపు చెప్పు."

అతను ఇల్లు చేరేసరికి ఇంకో అయిదు వారాలు పట్టింది. తర్వాత బస్సు నడిపాడు గానీ, చలికాలం వస్తే ఆ కాలు ఈడ్చేవాడు. చూసినప్పుడల్లా నేను చూపు తిప్పుకోకుండా చూసేవాడిని. అది నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు.

సబ్బు సిస్టర్ నేను చెప్పిన మర్నాడే తిరిగి వార్డులోకి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. వారం గడిచాక ఆ బల్ల ముందు నిలబెట్టి, "ముందు ఏం తీయాలి బాబాయ్?" అని చిన్నపిల్లాడిని అడిగినట్టు అడిగింది. చెప్పాను. "తర్వాత?" చెప్పాను. "గౌను ఎక్కడ వేయాలి?" అన్నాక ఇద్దరం గోడకున్న చిల్లు వైపు చూశాం. ఆమె వేళ్ళకు తెల్లటి మందు పూసి ఉంది.

పిల్ల పంట దించింది. గూళ్ళు గట్టిగా, చెవి దగ్గర ఊపితే గలగలమనేట్టు వచ్చాయి. మూడుసార్లు వరుసగా పరీక్షలో ఏమీ లేదని తేలాక మా ఆవిడను ఇంటికి పంపారు. పసుపు అట్ట తీసేసిన తలుపులోంచి ఆమె బయటికి వచ్చింది. తొడుగు లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. చెయ్యి చాలా సన్నబడింది, వెచ్చగా ఉంది. రోడ్డుమీదికి వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ కాసేపటికి మాట అవసరం లేకపోయింది. బస్సెక్కాక మాత్రం, "ఇక ఆపేస్తావా ఏంటి?" అంది. ఆపలేదు. ఇప్పుడు మా ఆవిడే అంటుంది, కాసేపు ఊరుకోవయ్యా, చెవులు పోతున్నాయి అని.

మరుసటి ఏడు వానలకు సబ్బు సిస్టర్ మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం ఖాయమైందని చెప్పడానికి. పురుగులు చూస్తానంది. పాక దాకా తీసుకుపోయాను. తలుపు తీసి, సున్నం సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు ఆమె చెప్పులు విడిచి సున్నంలో కాళ్ళు తొక్కింది. చేతులు కడుక్కుంది. అరచేయి, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు. ఒక్కసారే కడిగింది. కణుపుల దగ్గర చర్మం నున్నగా ఉంది.

తర్వాత తల తిప్పి, మేకుకు వేలాడుతున్న ఆ వెలిసిన చొక్కాను చాలాసేపు చూసింది.

"ఇది లోపలే ఉంది బాబాయ్," అంది.

"లోపలే ఉందమ్మా."

ఆమె ఆ చొక్కా తీసుకుని తొడుక్కుంది. మోకాళ్ళదాకా వచ్చింది. ఇద్దరం పురుగుల మధ్య నిలబడి, అవి ఆకు తినే చప్పుడు విన్నాం.